ముద్దొచ్చే జబ్బు

ఇరాన్‌లో టీలో పాలు పోసుకోరు. హైదరాబాద్ కేఫుల్లో పాలు చిక్కబడేదాకా మరగబెట్టి, డికాషన్‌ని విడిగా దమ్ పెట్టి, రెండూ కలిపి ఇచ్చే ఇరానీ చాయ్ ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగిందే. పేరొక్కటి అటు నుంచి వచ్చింది. పర్షియన్ పిల్లిదీ ఇంచుమించు ఇదే కథ.

పియెత్రో దెల్లా వల్లే అని రోమ్ నగరపు పెద్దింటి బిడ్డ ఒకాయన దేశాలు పట్టుకు తిరుగుతూ 1620లో ఇస్ఫహాన్ నుంచి ఒక ఉత్తరం రాశాడు. ఖొరాసాన్ వైపు బూడిదరంగు పిల్లులుంటాయనీ, వాటి వెంట్రుకలు మెత్తగా పొడుగ్గా ఉంటాయనీ, వాటిని ఇటలీకి తెచ్చుకోవాలని ఉందనీ అందులో తెగ మురిసిపోయాడు. ఆ శతాబ్దంలోనే టర్కీ వైపు నుంచి అంగోరా పిల్లులు ఫ్రాన్స్ చేరాయి. ఆ తరవాత రెండున్నర శతాబ్దాల పాటు ఈ పొడుగు వెంట్రుకల పిల్లులు పగలు ఐరోపా దొరసానుల ఒళ్ళో కూర్చుని, రాత్రి గోడ దూకి ఊరి పిల్లులతో సంసారాలు చేశాయి. 1871 జులైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పిల్లుల ప్రదర్శన పెట్టేనాటికే ఆ రక్తాలన్నీ కలగాపులగం అయిపోయాయి. 2008లో లెస్లీ లయన్స్ అనే శాస్త్రవేత్త బృందం జాతి పిల్లుల జన్యువుల్నీ, వేర్వేరు దేశాల ఊరి పిల్లుల జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పర్షియన్ పిల్లి పశ్చిమ ఐరోపా గుంపులో తేలింది. పశ్చిమాసియా పిల్లుల దరిదాపుల్లో లేదు.

పేరు ఎక్కడిదైతే ఏం, పిల్లి సుఖంగా ఉంటే చాలు. నా పేచీ దాని ముక్కుతో. ముక్కు దగ్గరికి వెళ్ళేముందు వెంట్రుకల సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే అందరికీ మొదట కనబడేది అదే.

వెంట్రుక ఎంతవరకు పెరిగి ఎక్కడ ఆగాలో చెప్పే జన్యువు ఒకటుంది. ఎఫ్‌జీఎఫ్5 అని దాని పేరు. అది సక్రమంగా పనిచేస్తే మన పెరటి పిల్లిలాగా ఒంటికి అంటుకున్న పొట్టి బొచ్చు వస్తుంది. చెడిపోతే, ఆగమనేవాళ్ళు లేక వెంట్రుక పెరుగుతూ పోతుంది. అయితే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడినప్పుడే పొడుగు వెంట్రుకలొస్తాయి. ఒక్క మంచి కాపీ ఉన్నా పొట్టి బొచ్చే. 1930లలో హార్వర్డ్‌లో క్లైడ్ కీలర్, వర్జీనియా కాబ్ అనే ఇద్దరు సయామీ పిల్లిని నల్ల పర్షియన్‌తో జతకట్టి చూశారు. మొదటి ఈతలో పిల్లలన్నీ నల్లగా, పొట్టి బొచ్చుతో పుట్టాయి. అమ్మ రంగూ లేదు, నాన్న బొచ్చూ లేదు. ఆ రెండూ ఎక్కడికీ పోలేదు, లోపల దాక్కున్నాయంతే. తరవాతి తరాల్లో మళ్ళీ బయటపడి, 1935లో పొడుగు వెంట్రుకలూ సయామీ రంగులూ రెండూ ఉన్న పిల్ల పుట్టింది. ఇప్పుడు హిమాలయన్ అని అమ్ముతున్న రకానికి మొదలు అదే. దానికి హిమాలయాలతో ఉన్న చుట్టరికం ఎంతో మీరే ఊహించుకోండి.

ఈ దాక్కునే లెక్క తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పనక్కర్లేదు. పుట్టిన బిడ్డకి ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, “మీది మేనరికమా?” అనే. ఒకే ఇంటి నుంచి రెండు వైపులా అదే చెడ్డ కాపీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ ప్రశ్న. పిల్లుల్ని ఈనించేవాళ్ళు మాత్రం మేనరికం అనరు, లైన్ బ్రీడింగ్ అంటారు. బహుమతి కొట్టిన మగపిల్లికి దాని మనవరాలినే జతచేస్తారు. అలా రెండు మూడు తరాలు తిప్పితే కోరుకున్న వెంట్రుక, కోరుకున్న రంగు స్థిరపడతాయి. కోరుకోనివి కూడా చడీచప్పుడు లేకుండా వాటితోపాటే స్థిరపడతాయి.

ఇక ముక్కు.

పందొమ్మిదో శతాబ్దపు పర్షియన్ పిల్లుల బొమ్మలు చూడండి. ఆనాటి పిల్లికి ముక్కు ఉంది. గుండ్రటి తల, పొట్టి చెవులు, మధ్యలో బుల్లిదే అయినా గాలి పీల్చడానికి పనికొచ్చే ముక్కు. 1930లలో అమెరికాలో ఎర్రరంగు పర్షియన్ల ఈతల్లో అప్పుడప్పుడూ ముఖం చప్పిడిగా ఉన్న పిల్లలు పుట్టసాగాయి. పెకినీస్ కుక్క ముఖంలా ఉందని పెకే ఫేస్ అన్నారు. వింతగా ఉందన్నారు, తరవాత ముద్దుగా ఉందన్నారు, ఆ తరవాత పర్షియన్ అంటే ఇలాగే ఉండాలన్నారు. 1980ల నాటికి ప్రదర్శనల్లో గెలిచే పిల్లులకి ముక్కు రెండు కళ్ళ మధ్యకి ఎగబాకింది. అమెరికాలో పిల్లుల జాతులు నమోదు చేసే పెద్ద సంఘం సీఎఫ్ఏ. ఆదర్శ పర్షియన్ ఎలా ఉండాలో దాని నియమావళిలో ఉంది: పక్కనుంచి చూస్తే నుదురు, ముక్కు, గడ్డం ఒకే నిలువు గీత మీద ఉన్నట్టు కనబడాలట. ప్రాణమున్న జంతువు ముఖానికి స్కేలు పెట్టి గీత కొట్టారు. బ్రిటన్ సంఘం జీసీసీఎఫ్‌ది కాస్త నయం. ముక్కు చర్మం పై అంచు కంటి కింది అంచును దాటి పైకి పోకూడదని వాళ్ళు హద్దు పెట్టారు, దాటితే బహుమతి లేదు.

హారిసన్ వీర్ ఇదంతా చూడలేదు గానీ, దీని మొదలు చూశాడు. తాను అధ్యక్షుడిగా ఉన్న పిల్లుల క్లబ్బులో చాలామందికి పిల్లుల బాగోగులకంటే బహుమతులే ముఖ్యమైపోయాయని నొచ్చుకుని తప్పుకున్నాడు.

మన దగ్గర ప్రదర్శనలు తక్కువ, అంగళ్ళు ఎక్కువ. హైదరాబాద్‌లో పిల్లులమ్మేచోటికి వెళ్తే మొదట వినబడేది ఇది: “డాల్ ఫేస్ కావాల్నా సార్, సెమీ పంచా, ఫుల్ పంచా? పంచ్ అయితే రేట్ వేరే ఉంటది.” బొమ్మలా ముక్కున్నది డాల్ ఫేస్, గుద్దితే ముక్కు లోపలికి పోయినట్టున్నది పంచ్ ఫేస్. ముక్కు ఎంత తగ్గితే ధర అంత పెరుగుతుంది. ఒక అవయవం కొరవడినందుకు అదనంగా చెల్లించే బేరం నాకు తెలిసి ఇదొక్కటే.

మా అక్కా వాళ్ళింట్లో అలాంటి బేరం ఒకటి ఉంది. పేరు జున్ను. కూకట్‌పల్లిలో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళినప్పుడల్లా నేను దాన్నే చూస్తూ కూర్చుంటాను. పొద్దున్నే మా మేనకోడలు గోరువెచ్చటి నీళ్ళ గిన్నె, దూది తెచ్చుకుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంటుంది. రెండు కళ్ళ లోపలి మూలల నుంచి ముక్కు పక్కగా తుప్పు రంగు చారలు దిగి ఉంటాయి. రాత్రంతా కారిన కన్నీరు అక్కడి వెంట్రుకల్ని తడిపి, ఎండి, అట్టకట్టి ఉంటుంది. దాన్ని నానబెట్టి, మెల్లగా ఒత్తి తీయాలి. గట్టిగా రుద్దితే కింది చర్మం ఎర్రబడిపోతుంది. జున్ను ఈ తతంగానికి అలవాటు పడిపోయింది, కళ్ళు మూసుకుని మెడ చాపుతుంది. తుడవడం అయ్యాక గింజల మేత. లోతు లేని పళ్ళెంలోనే పెట్టాలి. గింజని పళ్ళతో అందుకోవడానికి ముఖంలో ముందుకు పొడుచుకొచ్చినదేదీ లేదు కాబట్టి, నాలుకతో తోసుకుంటూ పళ్ళెం అంచుదాకా తీసుకెళ్ళి, అంచుకి అదిమిపెట్టి, అప్పుడు నోట్లోకి లాక్కుంటుంది. నాలుగు గింజలు తిని ఆగుతుంది. ఆగినప్పుడు ఊపిరి వినబడుతుంది. సన్నటి గురక, మెలకువలో.

“ఎప్పుడూ అలిగినట్టుంటుంది కదా మామయ్యా, అదే క్యూట్” అంటుంది మేనకోడలు.

కన్నీళ్ళ కథ చాలా సాదా. కంటిలో ఊరిన నీరు ఒక సన్నటి నాళం గుండా ముక్కులోకి దిగిపోవాలి. ఏడ్చినప్పుడు మనకి ముక్కు కారేది అందుకే. ఈ పిల్లికి ముఖం కుదించుకుపోయి, పైకోరపన్ను పక్కకి తిరిగిపోయి, ఆ నాళం పన్ను కిందుగా వంపు తిరిగి మళ్ళీ పైకెక్కాల్సి వస్తుంది. నీరు పైకెక్కదు. అందుకని బయటికి పొంగి బుగ్గల మీద కారుతుంది. దవడ పొట్టిదైనా పళ్ళ లెక్క తగ్గలేదు కాబట్టి అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఉబ్బిన కళ్ళకి రెప్పల కాపు చాలక నల్లగుడ్డు పైపొర ఎండి పుండు పడుతుంది. ముఖం పెరగడం మానేసినా లోపలి సరంజామా అంతా పాత కొలతలకే ఉంది, చోటే లేదు.

ఇవన్నీ నేను ఒక్క జున్నుని చూసి చెప్పే మాటలు కావు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీవాళ్ళు బ్రిటన్‌లో 3,235 పర్షియన్ పిల్లుల వైద్యం రికార్డులు తిరగేసి 2019లో ఫలితాలు అచ్చువేశారు. మూడింట రెండు వంతుల పిల్లులకి ఏదో ఒక జబ్బు నమోదై ఉంది. అన్నిటికంటే పైన నిలిచింది బొచ్చు బాధ, 12.7 శాతం. తరవాత చిగుళ్ళ జబ్బు, 11.3 శాతం. కళ్ళు కారడం కూడా పెద్ద జబ్బుల జాబితాలోనే ఉంది. బొచ్చు బాధ అంటే నవ్వుకుంటాం గానీ, రోజూ దువ్వకపోతే ఆ వెంట్రుకలు చంకల్లో, తొడల దగ్గర చర్మానికంటా ఉండకట్టి, పిల్లి కదిలినప్పుడల్లా చర్మాన్ని లాగుతాయి. దానికి తోడు ఈ జాతికి తామర తొందరగా అంటుకుంటుంది, అక్కడి నుంచి ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళకీ వస్తుంది. మే నెలలో హైదరాబాద్‌లో ఇవన్నీ చూడలేక గుండు గీయించేస్తారు. తలా తోక కొసా వదిలేసి ఒళ్ళంతా గీకిన ఆ అవతారానికి లయన్ కట్ అని పేరు, దానికి మళ్ళీ వేరే బిల్లు.

ఇంత బాధ కళ్ళెదుట కారుతుంటే మనకెందుకు కనబడదు? దీనికి సగం జవాబు ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే ఇచ్చాడు. పెద్ద తల, ఎత్తు నుదురు, ముఖంలో కిందికి దిగిన పెద్ద కళ్ళు, ఉబ్బు బుగ్గలు, బుల్లి ముక్కు: ఈ కొలతలు చూస్తే చాలు, మనిషిలో పసిబిడ్డని ఎత్తుకోవాలనే తపన మేలుకుంటుందన్నాడు. పంచ్ ఫేస్ పిల్లికి ఈ కొలతలన్నీ ఉన్నాయి, ముసలితనం వచ్చినా పోవు. మిగతా సగం జవాబు 2020లో వచ్చింది. బ్రిటన్, బ్రెజిల్ పరిశోధకులు కలిసి పిల్లుల ముఖాల ఫొటోలు తీసుకుని, చెవులూ కళ్ళూ ముక్కూ నోరూ ఒకదానికొకటి ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలిచారు. ఆపరేషన్ అయి నొప్పితో ఉన్న మామూలు పిల్లుల ముఖాలు ఒకవైపు, ఏ నొప్పీ లేకుండా ఊరికే కూర్చున్న జాతి పిల్లుల ముఖాలు మరోవైపు. పర్షియన్ వంటి చప్పిడిముఖం జాతులు ఊరికే కూర్చున్నా, వాటి ముఖంలో కనిపించే నొప్పి లెక్క ఆపరేషన్ అయిన పిల్లుల లెక్కను మించిపోయింది. అంటే మనం ఆ పిల్లికి బాధపడుతున్న ముఖాన్ని పుట్టుకతోనే తగిలించాం. ఇక నిజంగా నొప్పి వచ్చిన రోజున అది వేరే ఏ ముఖం పెట్టి చెప్పాలి? మా మేనకోడలికి అలకగా కనిపించేది అదే.

ఇక్కడే కిడ్నీ కథ చెప్పాలి. నాకు ఈ జాతి మీద ఇంత ఆసక్తి పుట్టడానికి అసలు కారణం అదే.

పర్షియన్ పిల్లుల్లో ఒక కిడ్నీ జబ్బు తరతరాలుగా ఉంది. పుట్టుకతోనే కిడ్నీల్లో సూదిమొనంత నీటితిత్తులుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఊరుతూ, కిడ్నీలో మంచి కండని పక్కకి నెట్టేస్తాయి. సగటున ఏడేళ్ళ వయసుకి కిడ్నీలు చేతులెత్తేస్తాయి. అప్పటిదాకా పిల్లి తింటుంది, ఆడుతుంది, ఈనుతుంది. ఈనడం ముఖ్యం. జబ్బు పైకి తేలేసరికి దాని పిల్లలూ వాటి పిల్లలూ ఊరంతా ఉంటాయి. పొడుగు వెంట్రుకల జన్యువులా ఇది దాక్కునే రకం కాదు, ఒక్క చెడ్డ కాపీ చాలు. రెండు కాపీలూ చెడ్డవైతే పిల్ల కడుపులోనే పోతుందని అనుకుంటున్నారు. కాబట్టి జబ్బున్న ప్రతి పిల్లికీ, సగానికి సగం పిల్లలకి జబ్బు పంచే అవకాశం ఉంటుంది. ఒక దశలో ప్రపంచం మొత్తమ్మీద పర్షియన్ పిల్లుల్లో దాదాపు 38 శాతానికి ఇది ఉందని అంచనా.

2004లో ఆ లెస్లీ లయన్స్ బృందమే దోషాన్ని పట్టుకుంది. పీకేడీ1 అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. ఒక ‘సి’ ఉండాల్సిన చోట ‘ఎ’ వచ్చింది, అంతే. ఆ మార్పుతో కణం ఆ ప్రొటీన్‌ని పూర్తిగా తయారుచేయకుండా మధ్యలోనే ఆపేస్తుంది. మనుషుల్లో వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే నీటితిత్తుల జబ్బుకి కూడా చాలా కుటుంబాల్లో ఈ జన్యువే కారణం. మన ఉద్దానం కిడ్నీ జబ్బుతో దీన్ని కలపకండి, అది వేరే గాథ. ఒక్కసారి అక్షరం దొరికాక పరీక్ష ఎంతసేపు? పిల్లి బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి, కవర్లో పెట్టి ల్యాబుకి పంపితే చాలు. ఉందని తేలితే ఆ పిల్లిని ఈనించకుండా ఆపరేషన్ చేయిస్తారు. మందు అక్కర్లేదు. ఒక్క తరం మనసు పెడితే ఒక ఇంటి వంశం నుంచి జబ్బు తుడిచిపెట్టుకుపోతుంది. పట్టుదలగా పరీక్షలు చేయించిన దేశాల్లో జబ్బు గణనీయంగా తగ్గింది కూడా.

ఎందుకు తగ్గింది? పరీక్ష వచ్చింది కాబట్టి అని చెప్పడం తేలిక. నాకు తోచేది, కిడ్నీలో నీటితిత్తిని ఎవరూ ముద్దుపెట్టుకోరు కాబట్టి. ఆ జబ్బుకి అభిమానులు లేరు. దానికి బహుమతులిచ్చే న్యాయనిర్ణేతలు లేరు. దానికి అదనంగా ధర కట్టే కొనుగోలుదారు లేడు. అందుకే దాన్ని వెళ్ళగొట్టడానికి ఎవరి మనసూ ఒప్పుకోకుండా పోలేదు. ముక్కు సంగతి అలా కాదు. ఒక్క అక్షరం మార్పు కాదు, చాలా జన్యువులు కలిసి చేసిన పని. అయినా దానికి దూదిపుల్లా ల్యాబూ అక్కర్లేదు, చూపు చాలు. ప్రపంచంలో అతి చవకైన పరీక్ష ఇదే. కంటికి కనబడని దోషాన్ని ఏళ్ళ తరబడి వెతికి పట్టుకుని వదిలించుకున్న మనమే, కంటికి ఎదురుగా ఉన్న దోషాన్ని డబ్బిచ్చి మరీ పెంచుకుంటున్నాం.

తెల్ల పర్షియన్లలోనూ ఇదే వరస. పాలలా తెల్లటి ఒళ్ళు, నీలికళ్ళు కావాలంటారు. ఒక కన్ను నీలం, ఒకటి పసుపు అయితే ఆడ్ ఐ అని మరీ విలువ. నీలికళ్ళ తెల్లపిల్లులకి చెవుడుంటుందని డార్విన్ 1859లోనే రాశాడు. అన్నిటికీ ఉండదు గానీ చాలావాటికి ఉంటుంది. ఒంటిని తెల్లగా ఉంచే జన్యువు రంగు కణాలనే రానివ్వదు. లోపలి చెవికి ఆ కణాలతో పని ఉంది, అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. ఒక కన్నే నీలమైనప్పుడు ఆ వైపు చెవే వినబడకపోవడం తరచు. ఇంట్లో పిల్లిని పిలిస్తే పలకదు, పొగరు అనుకుంటారు.

కంటికి కనబడనిది మరొకటి చెబుతాను. పిల్లులకీ ఎ, బి అని రక్తం గ్రూపులున్నాయి. ఊరి పిల్లుల్లో ఎక్కువ ‘ఎ’. పర్షియన్‌లాంటి కొన్ని జాతుల్లో ‘బి’ కూడా గట్టిగానే ఉంది. ‘బి’ తల్లి ఒంట్లో ‘ఎ’ రక్తాన్ని ధ్వంసం చేసే ప్రతిరక్షకాలు సహజంగానే తయారుగా ఉంటాయి. అలాంటి తల్లికి ‘ఎ’ తండ్రి వల్ల ‘ఎ’ పిల్లలు పుడితే, తల్లి ముర్రుపాలే వాటికి విషం. పుట్టినప్పుడు నిక్షేపంగా ఉండి, పాలు చీకిన ఒకటి రెండు రోజుల్లో పిల్లలు ఒక్కొక్కటే వాడిపోతాయి. దిష్టి తగిలిందని కొందరు, తల్లే తొక్కేసిందని కొందరు అంటారు. జతకట్టే ముందు రెండింటి రక్తం గ్రూపూ చూసుకుంటే ఈ చావులు ఉండవు. ఇంటి మేడ మీద ఒక ఆడపిల్లినీ ఒక మగపిల్లినీ పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళలో ఎంతమంది చూస్తారు? కుక్కల పెంపకందారుల కోసం కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. ఆ నిబంధనల పేరులోనే కుక్క అని ఉంది, పిల్లి లేదు.

స్వభావం దగ్గరికి వస్తే పర్షియన్ పిల్లిని మెచ్చుకోని వాళ్ళుండరు. అరవదు, బీరువాలెక్కదు, కర్టెన్లు చింపదు, చంటిపిల్లలు తోక లాగినా ఓర్చుకుంటుంది. ఫ్లాట్లకి ఇంతకంటే ఏం కావాలి? ఈ నెమ్మదితనం వంశంలోంచి వస్తుందా అంటే, కొంత వస్తుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ళు 5,726 పిల్లుల ప్రవర్తన మీద యజమానుల్ని అడిగి 2019లో లెక్కలు తీశారు. జాతికీ జాతికీ స్వభావంలో నిజంగానే తేడా ఉంది. పరీక్షించిన కొన్ని జాతుల్లో పిల్లికీ పిల్లికీ మధ్య స్వభావంలో ఉన్న తేడాల్లో 40 నుంచి 53 శాతం దాకా వంశపారంపర్యమే. అంతకుముందే 1995లో శాండ్రా మెక్యూన్ అనే పరిశోధకురాలు ఒక తమాషా చూపించింది. తండ్రి పిల్లి ధైర్యంగా, కలుపుగోలుగా ఉంటే పిల్లలూ అలాగే తయారయ్యాయి. తండ్రి మొహం అవి ఒక్కసారీ చూడలేదు. పిల్లుల్లో మగవాడు సంసారం చూసుకునే రకం కాదు, అయినా గుణం దిగింది.

మిగిలిన సగం తెనాలి రామకృష్ణుడి పిల్లిది. మరిగే పాలకి మూతి కాలిన ఆ పిల్లి, ఆ తరవాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేదని కథ కదా. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా పిల్ల ఏం చూసిందో, ఎవరు దాన్ని చేతుల్లోకి తీసుకున్నారో, ఏది చూసి జడుసుకుందో, అదంతా జీవితాంతం దాని ఒంట్లో ఉంటుంది. అంగట్లో ఇనుప పంజరంలో ఆ వారాలు గడిపిన పిల్ల ఏ జాతిదైనా మంచం కింది నుంచి బయటికి రాదు.

నా అనుమానం ఇంకొకటుంది. జున్ను నెమ్మదితనంలో కొంత దాని స్వభావం కాకపోవచ్చు. రెండు గెంతులు గెంతితే ఊపిరందని జంతువు మూడో గెంతు గెంతదు. బరువు కోటు తొడుక్కుని ముప్పైఎనిమిది డిగ్రీల్లో ఉన్న ప్రాణి నేల మీద పొట్ట ఆనించి పడుకోకుండా ఏం చేస్తుంది? మన కళ్ళకి అది సాధుత్వం. జున్నుకి రెండు సార్లు ఊపిరితిత్తుల జబ్బు చేసి తగ్గాక, వాళ్ళింటికి దగ్గర్లో ఉన్న పశువైద్యురాలు దాని ముక్కురంధ్రాలు వెడల్పు చేసే చిన్న ఆపరేషన్ చేసింది. కుట్లు మానాక ఒకరోజు అది డైనింగ్ టేబుల్ ఎక్కి, మా బావ పెరుగన్నంలో మూతి పెట్టింది. అక్క కేకలేసింది. నేను మాత్రం చాలా సంతోషించాను. పుట్టాక మొదటిసారి అది పిల్లిపని చేసింది.

జున్నుని వదిలించుకోమని నేను ఎవరికీ చెప్పను. ఉన్న పిల్లికి దూదీ, దువ్వెనా, చల్లటి గదీ కావాలి, వాళ్ళు చక్కగా చూసుకుంటున్నారు. పదిమూడేళ్ళు దాటి బతికే పర్షియన్లు బోలెడు, ఇదీ బతకాలని నా కోరిక. నేను మాట్లాడేది ఇంకా పుట్టని పిల్లుల గురించి, వాటిని కొనబోయేవాళ్ళతో. పొడుగు వెంట్రుకల పిల్లే కావాలనిపిస్తే కొనుక్కోండి, తప్పేం లేదు. ముందు తల్లిపిల్లిని చూపించమని అడగండి. కిడ్నీ జన్యుపరీక్ష కాగితం అడగండి. లేదంటే తల్లికీ తండ్రికీ పది నెలల వయసు దాటాక తీయించిన అల్ట్రాసౌండ్ రిపోర్టు అడగండి. తెల్లపిల్లి అయితే దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టి, చెవులు తిప్పుతుందేమో చూడండి. పిల్ల నిద్రపోతున్నప్పుడు దగ్గర కూర్చుని ఊపిరి వినండి, గురక వినబడకూడదు. చివరగా కంటి కింది రెప్ప అంచు నుంచి అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. ముక్కు మొత్తం ఆ గీతకి కింద ఉంటే బేరం మొదలుపెట్టండి. గీత దాటి పైకి వెళ్ళిందా, ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దని చెప్పి వచ్చేయండి.